చిగుళ్లు తుడిచిన వేలు

బట్టల బజారులో ఆ వ్యాపారి మాటకన్నా ఆయన చూపుడువేలికే పరపతి ఎక్కువ. కళ్లు మూసుకుని గుడ్డ అంచు నలిపి గంజి ఎంత పట్టించారో, రెండు ఉతుకులకు ఏమవుతుందో చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. దుకాణం కట్టేసి ఇంటికి పోతే నోరు విప్పే అవసరమే ఉండేది కాదు.

అలాంటి మనిషి దగ్గరికి తమ్ముడి కొడుకు వచ్చి చేరాడు. తమ్ముడిది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. మరదలు ఆఫీసుకు పోతూ పొద్దున ఆ నెలల పిల్లాణ్ని కొట్లో దించి, సాయంత్రం తీసుకుపోయేది.

"పాలు తాగిన ప్రతిసారీ చిగుళ్లు తుడవాలి బావగారూ, బేరం మధ్యలో ఉన్నా సరే. కుదరదంటే చెప్పండి. మా ఆఫీసు పక్కనే పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది," అంది మొదటిరోజే.

"నావల్ల కాని బేరం నేను ఒప్పుకోనమ్మా."

అన్నట్టే చేశాడు. మెత్తని నూలుబట్ట ముక్కలు కత్తిరించి, గంజి పోయేదాకా ఉతికి, మరిగించి, గల్లాపెట్టె వెనక తాడు మీద ఆరేసేవాడు. పాలసీసా ఖాళీ కాగానే చెయ్యి కడుక్కుని, తడిగుడ్డ వేలికి చుట్టి, పైచిగురూ కిందిచిగురూ మెల్లగా తుడిచేవాడు. వాడు ఆ వేలు పట్టుకుని వదిలేవాడు కాదు. కొనేవాళ్లు నిలబడితే నిలబడనీ అనుకునేవాడు. అంతకాలం వ్యాపారం చేసినా, తన చెయ్యి ఎవరూ అలా పట్టుకున్నది లేదు.

కొన్నాళ్లకు చొంగ ఎక్కువైంది, పేచీ ఎక్కువైంది.

"కాస్త తేనె రాయవయ్యా, నోరు మూస్తాడు," అన్నాడు పక్క కొట్టు దర్జీ.

"ఏడాది నిండని పిల్లాడికి తేనె పెట్టకూడదు. నీకు రాస్తాను రా, నువ్వైనా మూస్తావు."

చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ ఇస్తే వాడు నములుతూ ఊరుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తుడుస్తుంటే కిందిచిగురు మీద వేలు ఆగింది. గుడ్డ తీసి ఉత్తవేలితో చూశాడు. సన్నని గరుకు, బియ్యపుగింజ మొనంత. పన్ను.

ఎవరికైనా చెబుదామని తలెత్తాడు. కొట్లో ఎవరూ లేరు. ఫోను తీశాడు. మరదలి పేరు మీద వేలు పెట్టబోయి ఆగాడు. మొన్న ఆవిడ నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది: "బోర్లా పడిందీ మీ దగ్గరే, కూర్చున్నదీ మీ దగ్గరే. నాకు మిగిలేవి ఉతుక్కునే బట్టలే." నవ్వింది గానీ, ఆ నవ్వు రంగు నిలిచే రకం కాదు. ఎల్లుండి ఆవిడకి సెలవు. పన్ను ఎక్కడికీ పోదు. ఫోను పక్కన పెట్టేశాడు.

సెలవు మర్నాడు ఆవిడ మెట్లు ఎక్కుతూనే, "పన్ను వచ్చింది బావగారూ, నిన్న అన్నం నలిపి పెడుతుంటే చెంచాకి టక్కున తగిలింది," అంది. మొహమంతా వెలిగిపోతోంది.

"ఏదీ, చూడనీ." వేలు పెట్టి చూశాడు. "అవును సుమా."

ఆవిడ వెలుగు కాస్త తగ్గింది. "మీకు తగల్లేదా? పోగులెంచే వేలు కదా."

"చిగురు గట్టిపడిందనుకున్నాను."

"రోజూ తుడుస్తున్నారా, నిజంగా?"

"తుడుస్తున్నానమ్మా."

ఆవిడ తాడు మీది ముక్కలకేసి చూసింది. అవి అమ్మకానికి పెట్టిన కొత్త ముక్కల్లాగే ఉన్నాయి, వాడినట్టే లేవు. ఆయన నోట్లో మాట నాలుక చివర దాకా వచ్చింది: మూడు రోజుల కిందటే తెలుసు. అది అంటే పిల్లాడు దక్కుతాడు, ఆవిడ చెంచా చప్పుడు మొదటిది కాకుండా పోతుంది. మింగేశాడు.

"మీ తప్పేం లేదు బావగారూ. కొట్లో పని, మీకూ వయసు మీద పడుతోంది. ఇక చిన్న బ్రష్షు వాడాలట. వచ్చే వారం నుంచి కేంద్రంలో వేస్తాను."

"అలాగే," అన్నాడు.

వారం తిరిగాక దర్జీ గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, నీ వేలు మొద్దుబారిందట?" అన్నాడు.

"అవునట."

ఒకసారి విప్పిన తానును కొత్తదని అమ్మడం ఆయన వంశంలోనే లేదు. ఇప్పుడు ఆ పన్నును అలాగే అమ్మాడు. కొన్నావిడ ఎప్పటికీ కనిపెట్టకూడదని కోరుకుంటూ, తాడు మీది గుడ్డముక్కలు ఒక్కొక్కటే తీసి మడత పెట్టాడు.