ముద్ర లేని పంపు

తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయనకు రెండే రెండింటి మీద నమ్మకం: తాను స్వయంగా కొలిచినది ఒకటి, స్వయంగా మళ్ళీ కొలిచినది రెండోది. మిగిలిన లోకమంతా, రుజువు చూపేదాకా, ఆయన దృష్టిలో దొంగతూకమే.

కనుక ఎడారి పార్కు దాటి, దాని వెనకనున్న కొండల పార్కు మీదుగా అల్లుడి కారులో ప్రయాణం అనుకున్న వారమే ఆయన మెకానిక్కు షెడ్డులో కారు ట్యాంకు ఖాళీ చేయించాడు. తన పాత లీటరు ఇత్తడి పాత్రతో పెట్రోలు పోయిస్తూ, పెట్రోలు మీటరు ముల్లు ఎక్కడెక్కడ నిలిచిందో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ముల్లు సున్నా మీద పడుకున్నా ట్యాంకు అడుగున ఇంకా ఏడు లీటర్లుంటుందని తేలింది.

“చూశారా అల్లుడుగారూ, మీ ముల్లు వట్టి పిరికిది. ఏడు లీటర్లు దాచుకుని మరీ ఏడుస్తుంది!”

ఫోటో స్టూడియో నడిపే అల్లుడు తల ఊపాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో మామగారి కొలతకు ఎదురుచెప్పి గెలిచిన దాఖలా అతనికి లేదు.

ఎడారి పార్కు గేటు ముందు ఒకే ఒక పెట్రోలు పంపు ఉంది. అప్పటికి ముల్లు సరిగ్గా సున్నాకు ఆనింది. అల్లుడు కారు అటు తిప్పగానే పెద్దాయన దిగి, పంపు పక్కనున్న పలకను చేత్తో తుడిచి చూశాడు. ఏటేటా పడవలసిన శాఖ ముద్ర మూడేళ్ళ నాటిది. సీసపు బిళ్ళ ఉండవలసిన చోట తీగ తెగి వేలాడుతోంది.

“ముద్ర లేని పంపులో నేను చుక్క కూడా పోయించను.”

“ఎండకి తీగ తెగింది పెద్దాయనా, నా నిజాయితీ తెగలేదు,” అన్నాడు పంపువాడు.

“నిజాయితీకి ముద్ర వేసే శాఖ లేదు నాయనా. అందుకే తీగ సంగతి అడుగుతున్నా.”

“నాన్నా, పట్టింపులకి పోకు. పోయించుకుని పోదాం,” అంది కారులోంచి కూతురు. ఆమె నర్సు.

“నువ్వు మందు ఎక్కించేటప్పుడు సిరంజి మీద గీత చూసి ఎక్కిస్తావా, పంతులుగారి ముహూర్తం చూసి ఎక్కిస్తావా? కొండమీద పంపు అరవై కిలోమీటర్లు. మన దగ్గర ఏడు లీటర్లు. లీటరుకి పద్నాలుగు చొప్పున తొంభై ఎనిమిది. ఇంకేం కావాలి?”

వెనక సీట్లో ఎనిమిదేళ్ళ మనవరాలు ఆ లెక్కను నోటుపుస్తకంలో ఎక్కించింది. పుట్టినప్పుడు పిడికిలంత ఉందని తాతే దానికి తులం అని పేరు పెట్టాడు. ఇప్పటికీ ఆ పేరే.

గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు ముందుకు తోశాడు. రాత్రికి కొండమీద అతిథిగృహంలో ఉంటారు కనుక, బయటికి వెళ్ళే సమయం ‘రేపు ఉదయం పది, కొండ గేటు’ అని పెద్దాయన గుండ్రటి అక్షరాలతో రాశాడు.

“ఆ టైము దాటితేనే మా జీపు వెతకడానికొస్తుంది సార్. మీ తరవాత ఇవాళ ఇంకో బండిని వదలం. ఎండ అలా ఉంది. లోపల ఫోన్లు కూడా పలకవు.”

“ఆ అవసరం రాదు,” అన్నాడు పెద్దాయన.

ముప్పై కిలోమీటర్ల దాకా ఇసుక, ముళ్ళ తుప్పలు, మళ్ళీ ఇసుక. ఆ తరువాత ఎర్రటి కొండ ఒక్కసారిగా ఎదురొచ్చింది. రోడ్డు దాని పక్కటెముకలు పట్టుకుని పైకి పాకసాగింది. ఒకవైపు రాతిగోడ, రెండోవైపు ఏమీ లేదు. ముప్పై ఎనిమిదో కిలోమీటరు రాయి దాటి, మలుపు తిరిగి, నిటారుగా ఎక్కుతుండగా ఇంజను రెండుసార్లు పొలమారి ఆగిపోయింది.

అల్లుడు చేతిబ్రేకు లాగి తాళం తిప్పాడు. ఇంజను గరగరమంది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఏడోసారి మానేశాడు.

“పెట్రోలు అయిపోయింది, మామయ్యా.”

“అసంభవం. కనీసం నాలుగు లీటర్లుంటుంది.”

“ఉంటే నడవాలి కదండీ!”

గంటన్నర గడిచింది. బానెట్టు ఎత్తారు, దించారు. రాతిగోడ నీడ అడుగు వెడల్పు కూడా లేదు. నీళ్ళు సీసాన్నర మిగిలాయి. పెద్దాయన భుజాన ఉన్న సంచిలోంచి, తోమి తెచ్చిన ఇత్తడి పాత్ర తీసి, కొలిచి తలా రెండు గుక్కలు పోశాడు. తన వంతు తులానికిచ్చాడు. అది తాగలేదు. తల్లి ఒళ్ళో వాలిపోయి, పుస్తకంలోని అంకెలు ఈదుతున్నాయంది.

కూతురు పిల్ల నుదురు తడిమింది, మెడ వెనక తడిమింది, చంక కింద చెయ్యి పెట్టి చూసింది.

“దీనికి చెమట ఆగిపోయింది, నాన్నా.”

“మంచిదేగా, చల్లబడుతోందేమో.”

“మంచిది కాదు! ఒళ్ళు కాలుతూ చెమట ఆగితే ఏమవుతుందో నేను వార్డులో చూశాను. ఇంకో గంట ఇలా ఉంటే నా చేతిలో ఏమీ ఉండదు. వెతికేవాళ్ళు రేపు పదింటి దాకా రారు. నువ్వే రాశావుగా!”

జీవితంలో మొదటిసారి పెద్దాయనకు గడియారం చూడాలంటే భయం వేసింది. చూడకుండా కారు కిందికి దూరాడు. వీపు కాలుతుండగా ట్యాంకును వేలి కణుపుతో తట్టాడు. ముందువైపు డొల్లగా మోగింది. వెనకవైపు నిండుగా, మొద్దుగా పలికింది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పెట్రోలుంది. ఏటవాలుకు వెనకమూలకు చేరింది. దాన్ని తోడే గొట్టం ముందు ఉంది. తాను కొలిచింది షెడ్డులో, రసమట్టం పెట్టి సరిచూసిన బల్లపరుపు నేల మీద. నేల ఎల్లప్పుడూ బల్లపరుపుగానే ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే నమ్మాడు.

బయటికి వచ్చి, మోకాళ్ళ మీదే ఉండి అన్నాడు: “తప్పు నాది అల్లుడుగారూ. కొలత తప్పలేదు, కొలిచిన చోటు తప్పింది. ఆ పంపులో పోయించుకుని ఉంటే...”

అల్లుడు ఆయనను రెక్క పట్టి లేపాడు. “తిట్టుకోవడానికి ఇంటికెళ్ళాక బోలెడు టైముంటుంది మామయ్యా. ఇప్పుడేం చెయ్యాలి?”

“మలుపు దగ్గర రోడ్డు చదునుగా ఉంది. వంద గజాలు. వెనక్కి జార్చాలి.”

“ఇంజను లేకుండానా? బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది.”

“పది అడుగులకోసారి ఆపండి. నేను చక్రం వెనక రాళ్ళు పెడతాను.”

“ఆ చక్రం వెనక మీరుంటారా?” అన్నాడు అల్లుడు. పెద్దాయన అప్పటికే రెండు రాళ్ళు ఏరుకుంటున్నాడు.

కూతురు పిల్లనెత్తుకుని గోడకు ఆనుకుంది. కారు జారింది. ఆగింది. రాయి. జారింది. ఆగింది. రాయి. లోయలోంచి వేడిగాలి పొయ్యి నోటిలోంచి వచ్చినట్టు కొడుతోంది. ఆరోసారి చక్రం కింద ఎర్రరాయి బెల్లం ముక్కలా చిట్లిపోయింది. కారు ఆగలేదు.

“మామయ్యా, తప్పుకోండి!”

ఆయన తప్పుకోలేదు. భుజాన వేలాడుతున్న సంచిని చక్రం కిందికి తోసి చెయ్యి లాక్కున్నాడు. లోపల ఇత్తడి పాత్ర కరకరమని నలిగింది. చక్రం దాని మీదికి సగం ఎక్కి ఆగింది. రోడ్డు అంచుకూ రెండో చక్రానికీ మధ్య జానెడు మిగిలింది.

మిగిలిన దూరానికి ఆయన గట్టి నల్లరాళ్ళు వెతికి తెచ్చాడు. ఒక్కొక్కదాన్ని ముందు కాలితో తొక్కి చూశాడు.

చదును చేరాక మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. అల్లుడు పైకి చూశాడు, మామగారి వైపు చూశాడు.

“వద్దు. కిందికే,” అన్నాడు పెద్దాయన.

కారు మూతి దిగువకు తిరిగింది. కూతురు మిగిలిన నీళ్ళన్నీ తన చున్నీ మీద గుమ్మరించి తులానికి చుట్టి, కిటికీలు దించి, గాలి తగిలేలా పట్టుకుంది. కొండ దిగారు. ఇసుక మొదలైంది. ముల్లు సున్నా కిందికి పోయి కదలడం మానేసింది.

“ఎంతుంటుందంటారు మామయ్యా? గేటుదాకా వస్తుందా?”

పెద్దాయన నోరు తెరిచాడు. అంకె రాలేదు.

“తెలీదు,” అన్నాడు.

పదకొండేళ్ళలో ఆ నోట వినని మాట. అల్లుడికి కొండ అంచు దగ్గర కూడా అంత భయం వెయ్యలేదు. తరువాతి ముప్పై కిలోమీటర్లూ ముగ్గురూ ఇంజను చప్పుడునే పట్టుకుని వేలాడారు.

పంపు రేకుల కప్పు కనబడింది. పంపువాడు పరిగెత్తుకొచ్చి, పిల్లను చూసి, తన గదిలోంచి మంచుగడ్డలు తెచ్చాడు. కూతురు వాటిని పిల్ల చంకల్లో, మెడ కింద పెట్టి, పెదాలు తడుపుతూ కూర్చుంది. పావుగంటకు తులం కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

అప్పుడు పంపువాడు గొట్టం చేతబట్టి నిలబడ్డాడు. “పొద్దున ముద్ర లేదన్నారే, పెద్దాయనా? ఇప్పుడూ లేదు మరి.”

“నిండా పొయ్యి నాయనా.”

“మీటరు చూసుకోండి. సున్నా నుంచే మొదలు.”

పెద్దాయన మీటరుకు వీపు పెట్టి తులం ముందు కూర్చున్నాడు. దాని నుదుటి మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తడిగా ఉంది. చెయ్యి తీసి, చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ ఆనించి చూశాడు.