పగలని నిమ్మకాయ

నేను ఒక గుంతను. పుట్టుకతోనే ఖాళీ కడుపు. మూడు పూటలా తినే మీకు నా బాధ అర్థం కాదు.

మా అమ్మ గోదావరి జిల్లాలో ఒక కాలనీ రోడ్డు. స్కూటర్లకీ రిక్షాలకీ సరిపోయేలా పల్చగా తారు పోసుకున్న ప్రాణం. నాన్న, వీర్రాజుగారి కొత్త ఎలక్ట్రిక్ కారు. పొగ రాదు, చప్పుడు రాదు, అడుగున ఉన్న బ్యాటరీ బరువు మాత్రం ఏనుగంత.

కొన్న రోజే అవధానిగారు కారుకు పూజ చేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు కదలగానే మూడు చిట్లాయి. నాలుగోది చిట్లలేదు, దాని కింద రోడ్డే దిగిపోయింది. అలా నోట్లో నిమ్మకాయతో పుట్టాను.

"కాయ పగల్లేదంటే దిష్టి పోనట్టే. మళ్లీ ఎక్కించండి," అన్నారు అవధానిగారు.

వీర్రాజుగారు వెనక్కి తీసి మళ్లీ ఎక్కించారు. నేను లోతయ్యాను, కాయ చెక్కుచెదరలేదు. పూజ పూర్తయ్యేదాకా కారు ఊళ్లోకి తీయకూడదట, అందుకని రోజూ పొద్దున్నే వచ్చి నన్ను తొక్కేవారు. నన్ను పూడ్చడానికీ వీల్లేదు, దిష్టి లోపలే ఉండిపోతుందట. మనుషుల తర్కం నాకంటే లోతు.

మధ్యలో నలిగిపోయింది నూకరత్నం. ఆవిడ టిఫిన్ బండి నన్ను దాటితేనే బస్టాండు చేరుతుంది. మొదటి బస్సు వెళ్లిపోయిందా, ఇడ్లీలు మిగిలిపోయినట్టే. ఒకరోజు చక్రం నాలో పడి పచ్చడి గిన్నె బోర్లాపడింది. జన్మలో మొదటిసారి నా కడుపులో ఏదో పడింది. రుచిగానే ఉంది గానీ, ఆవిడ కళ్లనీళ్లు చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆయ్, మీ పూజ అయ్యేలోగా నా యాపారం అయిపోయేలా ఉందండి," అంది.

"నన్నేం చెయ్యమంటావు నూకరత్నం? కాయ పగలాలి కదా," అన్నారు వీర్రాజుగారు, నిజంగానే దిగులుగా.

ఆవిడ వంగి నాలో చెయ్యి పెట్టి కాయ తీసింది. కొంగుతో తుడిచి, చాకుతో రెండు చెక్కలు చేసి, ఉప్మాలో పిండి వీర్రాజుగారికీ, పక్కనే ఉన్న అవధానిగారికీ పెట్టింది.

"పగిలిందండి," అంది.

అవధానిగారు ఉప్మా పూర్తిగా తిన్నాక దోషం లేదని తేల్చారు. ఆ సాయంత్రమే నన్ను రాళ్లతో, సిమెంటుతో నింపేశారు. కడుపు నిండటమంటే ఇదా అనుకుంటూ కన్నుమూశాను.

కానీ వీర్రాజుగారి బావమరిది అంతకంటే పెద్ద ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. బావగారికి కలిసొచ్చిన చోటని పూజ ఇక్కడే పెట్టించాడు. ఈసారి నాలుగు కాయలూ దిగబడ్డాయి. నేను మళ్లీ కళ్లు తెరిచేసరికి పక్కన ముగ్గురు తమ్ముళ్లున్నారు.

నూకరత్నం బండి ఆపి చూసింది. దాటడానికి జానెడు చోటు లేదు. ఈసారి చాకు తీయలేదు. గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డ అవధానిగారి దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, కారుకేం కాదండి, అది గట్టిదే. ముందు ఈ రోడ్డుకి దిష్టి తీయండి."

ఆయన గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి మా చుట్టూ తిప్పారు. నాకు ఏడుపొచ్చింది. నన్ను ఇన్నాళ్లూ తొక్కినవాళ్లే గాని, హారతిచ్చినవాళ్లు లేరు. తర్వాత ఆయన గుమ్మడికాయను పైకెత్తి, శక్తికొద్దీ నేలకేసి కొట్టారు.

గుమ్మడికాయ పగల్లేదు. నాకు నాలుగో తమ్ముడు పుట్టాడు.

నూకరత్నం బండి చక్రాల కింద రెండు రాళ్లు పెట్టి, చూడ్డానికి మూగిన జనాన్ని ఒకసారి కలియజూసి, అక్కడే పొయ్యి వెలిగించింది.