సీమంతం గాజులు

పొద్దున్న లేవగానే భానుమతి బాల్కనీలో కుండీల కింది పళ్లేలు బోర్లిస్తుంది. కలకత్తాలో వానాకాలమంటే డెంగీ కాలం. ఏడో నెల కడుపుతో వంగలేక వంగి, బకెట్ల వెనకాల కూడా నీటి చుక్క లేదనుకున్నాకే కాఫీ ముట్టుకుంటుంది. తనవాళ్లు లేని ఊళ్లో పిల్లల్ని పెంచడమంటే ఆమెకు రాత్రీ పగలూ కాపలాయే.

అత్తగారు అమ్మన్నమ్మ విజయనగరం నుంచి వచ్చి సీమంతం చేసి, కోడలికి పచ్చగాజులు తొడిగింది. ఆ ఇంటి సీమంతం గాజులు రోగం దగ్గరకొస్తే మోగవు. మొన్న గంగ దాటే లాంచీలో అవి మూగబోతే, పక్కనున్న మనిషి "కాస్త జ్వరంగా ఉంది దిదీ" అంటూ తనే జరిగి కూర్చున్నాడు.

ఒక సాయంత్రం నాలుగేళ్ల కూతురు చిన్ని వచ్చి తల్లి ఒళ్లో వాలింది. భానుమతి దానికి తల దువ్వుతోంది. చెయ్యి కదులుతోంది, చప్పుడు లేదు.

అమ్మన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏటే భానూ, గాజులు పలకవేటి?"

భానుమతి చిన్నిని చటుక్కున దించేసింది.

"నేనేం చేశానమ్మా?"

"ఏం చెయ్యలేదు బంగారూ. నానమ్మ దగ్గరికెళ్లు." చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పిల్ల మెడ మీద దోమకాటంత నీటిపొక్కు.

"ఏ చేతివి ఆగాయి?" గాజుల సంగతి విని అడిగింది డాక్టరమ్మ.

"రెండూ."

ఆవిడ కలం కింద పెట్టి, చిన్ని మెడ మీది పొక్కు చూసింది. "మీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా?"

"లేదు."

"కడుపుతో ఉండగా వస్తే ఊపిరితిత్తులకు ఎక్కొచ్చు. నయం, వెంటనే వచ్చారు."

రక్తపరీక్షలో రక్షణ లేదని తేలింది. ఇంజెక్షన్ ఇచ్చారు. "అయినా రావచ్చు. నెల్లాళ్లు కనిపెట్టి చూడాలి."

ఆ నెల్లాళ్లూ భానుమతి ముందుగదిలో ఒక్కతే ఉంది. పక్కనెవరూ లేకుండా గాజులు మోగకపోతే, రోగం తనలో ఉన్నట్టే. రోజూ పొద్దున చెయ్యి ఊపడానికి ఆమెకు గుండె చాలేది కాదు.

"అమ్మా, ఊపవా?" తలుపవతల చిన్ని.

"నువ్వు దూరంగా వెళ్తే ఊపుతా."

"ఊపవే తల్లీ!" అమ్మన్నమ్మ కేకేసేది. "అమ్మవారున్న ఇంట పోపు పెట్టకూడదని చప్పిడి కూరలు పెడతంటే నీ మొగుడు సగమైపోనాడు."

చిన్ని ఒంటి మీది పొక్కులు ఎండి రాలిపోయాయి. డాక్టరమ్మ చెప్పిన గడువూ దాటింది. అమ్మన్నమ్మ తలుపు తీసింది. చిన్ని ఒక్క పరుగున వచ్చి తల్లిని చుట్టేసింది.

భానుమతి కళ్లు గట్టిగా మూసుకుంది. చెయ్యి ఊపే ధైర్యం రాలేదు. ఊపనక్కర్లేకపోయింది. కూతుర్ని పట్టుకున్న చేతుల వణుకు ఎంతకీ ఆగలేదు, గాజులూ ఆగలేదు.