చారలు వచ్చేదాకా

ఎర్ర మీట నొక్కి నిన్నటి చుక్కలన్నిటినీ తుడిచేసి, కుర్చీ మీది దిండును రెండు దెబ్బలు వేసి, ఆయన కూర్చున్నాడు. దిండుకు అది అలవాటే. పందొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ రెండు దెబ్బలూ తింటోంది.

విజ్ఞాన ప్రదర్శనశాలలో ఆఖరి గది ఆయనది. కిటికీలు లేవు. గోడలకు నల్ల రంగు, గుమ్మానికి నల్ల గుడ్డ. ఎంత కష్టపడ్డా వెలుగులోకి రాని ఉద్యోగమని పక్క గదులవాళ్లు ఆటపట్టించేవారు. లోపల గాజు పెట్టెలో ఒక దీపం. సరిగా కట్టని కుళాయిలోంచి నీళ్లు బొట్టు బొట్టుగా పడ్డట్టు, కాంతి కూడా ఒక్కో రేణువుగా రాలేంతగా ఆ దీపాన్ని తగ్గించి పెట్టారు. దాని ముందు పలచటి రేకు, రేకుకు పక్కపక్కనే వెంట్రుకంత సన్నటి సందులు రెండు. వాటిని దాటి వచ్చిన ప్రతి రేణువుకూ పెట్టె టిక్కుమంటుంది, గోడ మీది తెరపై ఒక తెల్ల చుక్క పడుతుంది. మూడు సెకన్లకొకటి. ఇక్కడొకటి, అక్కడొకటి, తలా తోకా లేకుండా.

జనం వస్తారు, రెండు నిమిషాలు నిలబడతారు, ఏముందిక్కడ అని వెళ్లిపోతారు. ఏముందో కనబడాలంటే నాలుగు గంటలు కూర్చోవాలి. అప్పటికి చుక్కలు వేలకు చేరి నిలువు చారలుగా తేలతాయి. ఒక తెల్ల చార, దాని పక్కన చుక్క పడటానికే మొహమాటపడే నల్ల చార, మళ్లీ తెల్లది. పిల్లలు ఆయన్ను చుక్కల మామయ్య అనేవారు. మనుషులకు చుక్కలు చూపించి జీతం తీసుకునేది తానూ, పళ్ల డాక్టరూ మాత్రమేనని ఆయన వాళ్లతో అనేవాడు.

ఆయన దగ్గర బొటనవేలితో నొక్కితే అంకె మారే కౌంటర్లు రెండుండేవి. ఒకటి ఆఫీసుది, గదిలోకి వచ్చినవాళ్లను లెక్కెయ్యడానికి. అది అంకెలు చాలక ఎన్నోసార్లు సున్నాకొచ్చింది. రెండోది ఆయన సొంతం, చారలు వచ్చేదాకా ఉన్నవాళ్ల కోసం. అది మూడు దగ్గర ఆగిపోయింది. నాలుగు కావలసిందే గానీ, ఒక పెద్దమనిషి ఆ నాలుగు గంటలూ గుర్రుపెట్టాడు. గుర్రును ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఈ సాయంత్రం అయిదింటికి ప్రదర్శనశాల అధికారిణి వస్తోంది. ఆవిడ మాట ముందే చెప్పింది. ఈ గదిలో ఏం జరుగుతోందో చూడవచ్చిన మామూలు మనిషి ఒక్కరు తనకు చెప్పగలిగితే గది ఉంటుంది. లేదంటే పై నెల నుంచి ఇక్కడ వంకర అద్దాలు. వాటిలో పొట్టివాళ్లు పొడుగవుతారు, బక్కవాళ్లు బండవుతారు, అందరూ నవ్వుకుంటారు. ఆయనకు అద్దాల మీద కోపమేమీ లేదు. నిజం తన సొంత మొహంతోనే ఇంత వింతగా ఉంటే మళ్లీ దాన్ని వంచడం దేనికని, అంతే.

అందుకని ఇవాళ వచ్చినవాళ్లనల్లా బతిమాలాడు. ఒక జంట అయిదు నిమిషాలు కూర్చుంది, అదీ చీకటిగా ఉందని.

పన్నెండున్నరకు తెర చూస్తే ఆయన గుండెలో రాయి పడింది. వేల చుక్కలున్నాయి. చారల జాడ లేదు. పిండి జల్లినట్టు ఒకటే మసక. టార్చి వేసి చూశాడు. ఆరా మీట పైకి లేచి ఉంది.

ఆరా మీట పైవాళ్లు రెండేళ్ల కిందట పెట్టించినది. రేణువు ఏ సందులోంచి వచ్చిందో చెబితే జనానికి తేలిగ్గా అర్థమవుతుందని వాళ్ల ఆలోచన. మీట వేస్తే సందులకు చెరో గాజుబిళ్ల అడ్డం వస్తుంది, ప్రతి రేణువు మీదా ఎడమో కుడో గుర్తు పడుతుంది, పెట్టెలో నమోదవుతుంది. అది వేసిన రోజు నుంచీ చారలు అలిగి కూర్చున్నాయి. మిషను చెడిందని మెకానిక్కులు మూడుసార్లు వచ్చి, ఏమీ చెడలేదని మూడుసార్లూ వెళ్లారు. ఆరా తీస్తే చారలు పోతాయి, ఆరా మానేస్తే వస్తాయి అని చెప్పి మీట దించింది ఆయనే. ఈ పొద్దున కొత్తగా చేరిన ఊడ్చే మనిషి, తెర మీది నిన్నటి చుక్కల్ని తడిగుడ్డతో తోమి తోమి, "ఎంత రుద్దినా ఈ మచ్చలు పోవట్లేదన్నయ్యా" అంది. ఆయన నవ్వాడు. ఆ తడిగుడ్డే మీటకు తగిలిందని అప్పుడు చూసుకోలేదు.

సరిగ్గా ఆ సమయంలో నల్ల గుడ్డ తొలగించుకుని ఆయన భార్య వచ్చింది.

"మందుబిళ్లలు ఇంట్లో పడేసి వస్తే ఎలాగండీ? గుండెజబ్బు మీకా, బిళ్లలకా?"

పందొమ్మిదేళ్లలో ఆమె ఈ గదిలో అడుగు పెట్టడం ఇదే మొదలు. చీకట్లో కూర్చోడానికి బస్సెక్కడం ఎందుకు, ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూర్చుంటే చాలదా అనేది. ఆమె చొక్కాలకు కాజాలు కుట్టేది. రోజుకు నూటయాభై కాజాలు. చూపుడువేలి కొస సూదిపోట్లకు గట్టిపడి చిన్న గుండీలా ఉండేది.

ఆయన బిళ్ల మింగి, మీట దించి, తెర తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. పావుతక్కువ ఒంటిగంట. అంతా కలిసొస్తే అయిదుకు పావుగంట ముందు చారలొస్తాయి. మీ మొహం పాలిపోయింది, మీరు కుదుటపడేదాకా కదలను అని ఆమె మడత కుర్చీ వేసుకుంది. కాసేపు చుక్కల్ని చూసింది.

"ఏమిటండీ ఇది, గోడకు పొక్కులు లేచినట్టు?"

ఆయన చెప్పుకొచ్చాడు. దీపం, రేణువు, రెండు సందులు. సందులంటే నీ కాజాల్లాంటివే అన్నాడు. ఆమె మిగతా అంతా విని ఒక్కటే పట్టుకుంది.

"ఒక్కోసారి వచ్చేది ఒక్క గుండీనే కదా. మరి ఏ కాజాలోంచి దూరింది?"

"దానికి జవాబు లేదే."

"మీకు తెలీదా, జవాబు లేదా? ఆ రెండూ ఒకటి కాదుగా."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ తేడా దగ్గరికి రావడానికి తనకు పదకొండేళ్లు పట్టింది. ఈవిడ పావుగంటలో వచ్చి కూర్చుంది, అదీ మడత కుర్చీలో.

అప్పుడు పొద్దుటి సంగతి చెప్పాడు. తడిగుడ్డ, ఆరా మీట, పెట్టెలో పడ్డ గుర్తులు, చారలు రాకపోవడం. టిక్. టిక్. గదిలోకి ఎవరో వచ్చారు, వెళ్లారు.

"పొద్దున ఆ గుర్తుల్ని ఎవరన్నా చూశారా?"

"ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు."

"అయినా చారలు రాలేదు."

"రాలేదు. చాలామంది మనిషి చూడటం వల్ల పోతాయనుకుంటారు. దానికి మన కళ్లతో పనిలేదు. ఏ సందో చెప్పే జాడ ఎక్కడో ఒకచోట మిగిలితే చాలు."

ఆమె మూడింటికి వెళ్లాలి, చొక్కాలు ఇవ్వాలి. మూడయింది. వెళ్లలేదు. మూడున్నరకు తెర మీద ఒకచోట చుక్కలు గుంపు కడుతున్నాయని వేలు పెట్టి చూపించింది. అది నీ భ్రమ, ఇంకా తొందర అన్నాడాయన. నాలుగుంబావుకు అది భ్రమ కాదు. అయిదుకు పావుగంట ఉండగా, మసకలోంచి ఎవరో దువ్వెనతో దువ్వినట్టు, చారలు తేలాయి. ఆమె కుర్చీలోంచి లేచింది.

"అన్నీ కూడబలుక్కున్నట్టు పడ్డాయేమండీ. పొద్దున పడ్డది మధ్యాహ్నం పడేదానికి చెప్పిపోలేదు కదా."

ఆయన జేబులోంచి రెండో కౌంటరు తీసి, టార్చి వెలుగులో ఆమెకు చూపిస్తూ నొక్కాడు. టక్. మూడు నాలుగయింది. నువ్వు నాలుగో మనిషివి అన్నాడు.

"మరి మీరో? మీకన్నా ఎక్కువ కూర్చున్నదెవరు?"

"జీతగాణ్ణి లెక్కలో వెయ్యకూడదే."

అయిదింటికి అధికారిణి వచ్చింది, పొడుగుపాటి మనిషి, చేతిలో కాగితాల అట్ట. మామూలు మనిషెవరని అడిగింది. ఆయన కుర్చీలోంచే భార్యను చూపించాడు. ఇంతకన్నా మామూలు మనిషి దొరకదండీ అని నవ్వాడు. ఆమె ఆయనకేసి ఒక చూపు చూసి, అధికారిణి వైపు తిరిగింది.

"ఈ రేకుకు రెండు కాజాలున్నాయమ్మా. పొద్దున ఏ కాజాలోంచి వచ్చిందో గుర్తు వేశారు, చారలు రాలేదు. మధ్యాహ్నం గుర్తు వెయ్యలేదు, ఇదుగో. పొద్దుటి గుర్తుల్ని ఒక్కరూ చూడలేదు, అయినా రాలేదు. అంటే గుర్తు లేనప్పుడు ఈ కాజానా ఆ కాజానా అన్నది మనకు తెలీకపోవడం కాదు. అక్కడే తేలలేదు. వచ్చేది ఒక్కటే, పడేది ఒక్క చుక్కే, కానీ రెండు కాజాలూ ఉన్నాయన్నట్టు పడుతుంది. ఫలానా చుక్క ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. వెయ్యి చుక్కలు కలిసి ఏం గీస్తాయో మాత్రం ముందే చెప్పొచ్చు."

"అదెలా కుదురుతుంది?" అంది అధికారిణి.

"లోపల అసలేం జరుగుతుందో తెలీదమ్మా. ఆయనకీ తెలీదు. తెలీదని ఇంత వివరంగా తెలుసుకోడానికే పందొమ్మిదేళ్లు పట్టింది."

అధికారిణి అట్ట మూసేసింది. చారల ముందు నిలబడి, ఒక చుక్క పడేదాకా, ఇంకొకటి పడేదాకా, అలా చాలాసేపు చూసింది. అద్దాలు ఇంకెక్కడన్నా పెట్టుకుంటాం, ఇక్కడ రేపే బెంచీలు వేయించండి, వీపు ఆనేవి అని చెప్పింది. ఆ చెప్పడం ఆయనకే చెప్పింది.

"విన్నారా?" అంది భార్య.

గడ్డం ఛాతీకి ఆనించి, దిండుకు ఒరిగి ఆయన కూర్చుని ఉన్నాడు. కునుకనుకుంది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. పెట్టె టిక్కుమంటూనే ఉంది. ఆ చెయ్యి అక్కడే ఉండగా తెర మీద ఎన్ని చుక్కలు పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆయన గుప్పిట్లో మిగిలిన రెండో కౌంటరును ఎవరో తీసి ఆమె చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆమె దాన్ని చూడలేదు. చూసిన రోజు, ఆ టిక్కుల మధ్య ఆ టక్ ఎప్పుడు వినిపించి ఉంటుందా అని కుట్టడం ఆపి ఆలోచించింది.

ఇప్పుడది కాజాల బల్ల మీద, గుండీల డబ్బా పక్కన ఉంటుంది. దాని మీద అంకె అయిదు.