పెట్టె ఆగినప్పుడు మోగే ఫోన్

"ఎవరయ్యా అది? డైరెక్టర్‌గారి లైను తీసుకెళ్లి క్యాంటీన్‌కి కలిపిందెవరు?"

మేనేజర్ కేకకి మెషిన్ గదిలో స్టూలెక్కి ఉన్న టెలిఫోన్ మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. పళ్ల మధ్య పట్టుకున్న స్క్రూ కిందపడి ఎక్కడికో దొర్లింది.

నిజానికి ఎవరూ కలపలేదు. గోడకు బిగించిన బూడిదరంగు పెట్టే ఆ పని చేసింది. ఆఫీసులోని ఫోన్లన్నింటికీ గుండెకాయ అదే. వారం రోజులుగా ఉన్నట్టుండి ఆరిపోతోంది, మళ్లీ తనంతట తానే లేస్తోంది. లేచిన ప్రతిసారీ లోపల దాచుకున్న నంబర్లు కొన్ని తారుమారవుతున్నాయి. దారిలో ఆగిపోయిన బండ్లకు క్రేన్లు పంపే కంపెనీ అది. ఆ పొద్దున ఒక లారీ డ్రైవర్ సాయం కోసం చేసిన ఫోను తాళం వేసిన స్టోర్ రూములో మోగి మోగి ఆగిపోయింది. పాపం, ఆ మనిషి వంతెన మీద వానలో తడిసి ముద్దయ్యాడు.

మేనేజర్ గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఇక్కడే కాపురం పెడదామనుకుంటున్నావా?"

"స్టెబిలైజర్ మార్చాను సార్. పవర్ సప్లై మార్చాను. మెమరీ కార్డు కూడా కొత్తదే."

"ఇంక మార్చాల్సింది నిన్నే. మీ ఓనర్‌తో మాట్లాడాను. సాయంత్రంలోగా కారణం తేలకపోతే నిన్ను ఇంటికి పంపించేస్తానన్నాడు."

ఇంటికి! మెకానిక్‌కి ఇల్లంటే ఒక గది, ఒక కుర్చీ. భార్య పోయాక ఆ గదిలో మాట వినిపించిందే లేదు. పదిమంది ఫోన్లూ మోగించేవాడే కానీ, అతని జేబులోది కంప్లయింట్లకు తప్ప మోగదు. ఉద్యోగం పోతే అదీ మోగదు.

మేనేజర్ వెళ్లిపోయాడు. మెకానిక్ స్టూలు దిగి, దాని మీదే కూర్చుని ఆలోచించాడు. పెట్టె నంబర్లు రాసుకుంటున్నప్పుడు కరెంటు పోతే రాత సగంలో చెడుతుంది. రాసేవాడి చేతిలో కలం లాక్కుంటే అక్షరం వంకరపోదూ? సరే, కరెంటు ఎందుకు పోతోంది? భాగాలన్నీ కొత్తవే. ఇంక మిగిలిందొక్కటే పని, కన్నార్పకుండా కాపలా కాయడం.

మధ్యాహ్నం దాటాక దొంగ దొరికినట్టే దొరికాడు. పెట్టె మీది ఆకుపచ్చ దీపాలన్నీ ఒక్క దెబ్బకి ఆరిపోయాయి.

మెకానిక్ చివాలున తలెత్తాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగుతోంది. అంటే కరెంటు పోలేదు! ఎవరో ఈ పెట్టెకొక్కదానికే ఊపిరి ఆపారు.

హాల్లో అందరూ రిసీవర్లు పట్టుకుని "హలో, హలో" అంటున్నారు. సరిగ్గా అప్పుడు, ఫోన్లన్నీ చచ్చిపడున్న ఆ ఆఫీసులో, ఒక్క ఫోన్ మాత్రం గణగణ మోగింది.

చెక్క గోడకి అవతల.

అతను చెవి ఆనించాడు. పెట్టె ఆగిపోతే బయటి లైను నేరుగా ఒక పాత ఫోన్‌కి కలిసేలా ఏర్పాటుంటుంది, అవసరానికి. అతను రాకముందు ఎవరు కలిపారో గానీ, అది ఆపరేటర్ బల్ల మీదుంది. ఆ రెండు గదులూ ఒకప్పుడు ఒకటే. మధ్యలో చెక్కలు కొట్టినప్పుడు పెట్టె ఇటు, దాని స్విచ్చి అటు ఉండిపోయాయి.

"చెప్పు బాబూ, బండి ఎక్కడాగింది?" అవతల మెత్తని గొంతు. "కంగారుపడకు. తాగడానికి నీళ్లున్నాయా? క్రేన్‌కి నేను చెబుతాగా. ఒంటరిగా ఉన్నావా? అయితే మాట్లాడుతూ ఉండు, నేనెక్కడికీ పోను."

మెకానిక్ చుట్టూ తిరిగి వెళ్లి తలుపు తోశాడు. ఆఫీసంతా అత్తయ్య అని పిలిచే ఆపరేటర్ ఒక చేత్తో రిసీవర్, ఇంకో చేత్తో గోడ స్విచ్చి పట్టుకుని ఉంది. "తిన్నావా అబ్బాయ్?" అని అతన్ని అడిగే మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే.

ఆవిడ డ్రైవర్‌తో మాట పూర్తిచేసి, క్రేన్ మనిషిని కిటికీలోంచి కేకేసి, స్విచ్చి వేసింది.

"ఎన్నాళ్లుగా అత్తయ్యా?"

"వారమైంది. ఈ స్విచ్చి తుడుస్తుంటే పొరపాటున ఆగింది, వెంటనే ఈ ఫోను మోగింది. ప్రాణం లేచొచ్చిందనుకో! ఫోనెత్తడానికి ఆ రికార్డు గొంతు పెట్టిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడేదెవరు? పొద్దస్తమానం బల్ల ముందు బొమ్మలా కూర్చోవడమే. ఇంటికెళ్తే అక్కడా గోడలే. వాడకపోతే గొంతు తుప్పుపడుతుంది, తెలుసా?"

"తెలుసు" అన్నాడతను. ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

"కాసేపు ఆపితే కొంపేం మునుగుతుందిలే అనుకున్నా."

"మునిగింది అత్తయ్యా. ఆపినప్పుడల్లా లోపలి నంబర్లు చెడిపోతున్నాయి. పొద్దున వంతెన మీద ఒకాయన..."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అది నా వల్లా?"

వరండాలో మేనేజర్ బూట్ల చప్పుడు వినిపించింది.

"వైరింగు పాతదైపోయిందని చెబుతా" అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి. "మీరు నోరు మెదపకండి."

"వైరింగు చూడాల్సిందెవరు?"

"నేనే."

"అంటే నీ మెడకే ఉరి. బాగుంది తెలివి!"

"నాదేముందిలెండి, వెనకా ముందూ ఎవరూ లేనోణ్ణి."

"నాకు మాత్రం బలగముందా? పిచ్చి వేషాలెయ్యకు. నేను చెబితే ఆయన నమ్మడు, ఈవిడకి స్విచ్చికీ మేకుకీ తేడా తెలీదంటాడు. నువ్వే చెప్పు. హాల్లో వాళ్లకీ వినపడేలా చెప్పు. ఈ ఆఫీసులో నా ఊసెత్తి ఎంతకాలమైందో!"

మేనేజర్ గుమ్మంలో నిలబడ్డాడు. అతని భుజాల వెనక నాలుగు తలలు.

"మళ్లీ ఆగింది! ఈసారైనా దొరికిందా? ఎవరయ్యా?"

అబద్ధం మెకానిక్ నాలుక చివరి దాకా వచ్చింది. అత్తయ్య జుట్టు సవరించుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని అతని వైపు చూసింది. కానీయ్ అన్నట్టు తలాడించింది.

"అత్తయ్య" అన్నాడతను. గొంతు సగంలోనే పడిపోయింది.

"ఏంటీ? గట్టిగా ఏడువు!"

"అత్తయ్య సార్!" ఈసారి హాలంతా వినపడింది. "రోజూ పెట్టె ఆపుతున్నది మన అత్తయ్యే!"