తండేలు నెత్తిన మన్ను

నా కొడుకు తాతబాబు పడవకు తండేలు. సముద్రం మీదికి వెళ్లాక మిగతా వాళ్లందరికీ వాడి మాటే మాట. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజుల్లో, ఒక వానాకాలం పొద్దున మబ్బు చూసి కూడా "పోదాం" అన్నాడు. పడవ తిరగబడింది. పడవలో ఉన్న పోలిరాజు తప్ప మిగతావాళ్లు ఈదుకొచ్చారు. అతని శవం కూడా దొరకలేదు.

అప్పట్నుంచి పోలిరాజు పెళ్లాం సీతాలు రోజూ మా సందు మొదట్లో కాపు కాసేది. తాతబాబు రేవుకు బయల్దేరితే గుప్పెడు మన్ను ఎత్తి నెత్తిన పోసేది.

"తండేలంట, తండేలు! నా మొగుణ్ని సంద్రానికి మేపీసినావు. నీ నోట్లో మన్నడిపోను!"

వాడు తలగుడ్డ విప్పేసి, ఆవిడ అలిసిపోయేదాకా నిలబడి అప్పుడు కదిలేవాడు. కడుపు మండిన ఆడదాని మాట ఊరికే పోదని నాకు వణుకు.

పడవలో వెళ్లే నూకరాజు ఒకరోజు ఇంటికే వచ్చాడు. "రేవులో అందరూ ఇకిలిత్తన్నారు బావా, మట్టి తండేలని. ఊఁ అను, దాని నోరు నాను మూయిత్తాను."

"ఒగ్గీరా బావా. ఆ యమ్మ నోట దేవుడే అనిపిత్తన్నాడేమో" అన్నాడు తాతబాబు.

మా ఇంట్లో చర్చికి వెళ్లేది వాడొక్కడే. నూకరాజు వెళ్లాక అడిగాను.

"ఈ మాటలు ఎవుడు నేర్పినాడ్రా నీకు?"

"పాస్టరుగోరు సెప్పినారమ్మా. దావీదని ఒక రాజు. కన్నకొడుకే తిరగబడితే ఊరొగ్గీసి, సెప్పుల్లేకండా ఏడ్సుకుంటా పోతన్నాడంట. దారిలో ఒకడు రాళ్లేసి, దుమ్మెత్తి పోసి తిట్టినాడు. బంటు ఆడి తల నరికేత్తానంటే రాజు వద్దన్నాడు. తప్పు సేసినోడు రాజైతే మాత్రం, పడాల కదమ్మా."

"మరి ఆ కొడుకు ఏటయ్యాడు?"

"సచ్చిపోనాడు" అన్నాడు తాతబాబు. చాప మీద నిద్రపోతున్న తన పిల్లాణ్ని చూసి, "అన్నం ఎట్టు" అన్నాడు.

మర్నాడు వాడు వేటకెళ్లగానే సీతాలు గుడిసెకు పరిగెత్తాను. ఎండుచేపలు తిరగేస్తోంది. కాళ్లు పట్టేసుకున్నాను.

"నా కొడుకుని ఏటన్నా అనుకోయే. పిల్లోడికి మాత్రం నీ ఉసురు తగలనీకు."

సీతాలు చేతులు ఆగిపోయాయి.

"పిల్లోడా? ఆడి మాట నాను ఏనాడన్నా ఎత్తినానా అత్తా? నా మనసులోకే రాలేదు. నువ్వే తెచ్చి ఎట్టినావు."

సాయంత్రం వాడితో చెప్పాను. కోప్పడలేదు. "నా మీద పడింది నా మీదే ఉండేది కదమ్మా" అన్నాడంతే.

తెల్లారి పిల్లాణ్ని కోడలి చేతికిచ్చి లోపల గడియ పెట్టించాను. తాతబాబు వెనకాలే నేనూ వెళ్లాను. సీతాలు అక్కడే ఉంది. మన్ను పోసింది. ఇన్నాళ్లూ పేటంతా వినపడేట్టు తిట్టే మనిషి, ఆ రోజు గడియ పెట్టిన మా గుమ్మం వైపు చూస్తూ పెదవులు మాత్రం కదిపింది. ఒక్క మాటా వినపడలేదు. తాతబాబు తల వంచుకుని నిలబడే ఉన్నాడు.