లోపలి కాపలా

"ఇవాళ డాక్టరమ్మ ఏదో చెడ్డమాటే చెబుతుంది, చూస్తూ ఉండు."

ఇంకా చెప్పులైనా వేసుకోలేదు, తల్లి అప్పుడే గుండె పట్టుకుంది. కూతురికి ఐదో నెల. మూడు వారాలుగా కింద మంట, దురద.

"డాక్టర్ నోరు తెరవకముందే నువ్వు నాకు ఆపరేషన్ కూడా చేయించేస్తావే అమ్మా! మా ఆయన నీకు సైరన్ అని పేరు పెట్టింది ఊరికే కాదు."

తల్లికి భయమంతా క్రిములంటేనే. తలుపు గడియ మీద క్రిములు, కుళాయి మీద క్రిములు. అవి కడుపులో బిడ్డ దాకా పాకితే? అందుకే నెల రోజులుగా, కూతురు స్నానానికి వెళ్లేముందు, పుండ్లు కడిగే మందు గుట్టుచప్పుడు కాకుండా బకెట్లో పోస్తోంది. వాసనకు అనుమానం రాకుండా బాత్రూమ్ నేల కూడా దానితోనే కడుగుతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష రిపోర్టు రెండుసార్లు తిరగేసింది. "ఏ క్రిమీ కనపడలేదే!"

"దాక్కున్నాయేమోనండీ!" అంది తల్లి.

డాక్టరమ్మ నవ్వింది. "అంత తేలిక కాదు పెద్దమ్మా. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఊరే జిగురులో కాపలా ఉంటుంది. మన ఒళ్లు తనంతట తాను చేసుకునే ప్రొటీన్లు, పెప్టైడ్లని ఇంకా చిన్న ముక్కలు. క్రిమి వచ్చిందంటే దాని పొరకు చిల్లులు పొడిచేస్తాయి."

"ప్రొటీన్లా? రోజుకు రెండు గుడ్లు పెడుతున్నాను, అన్నీ అక్కడికే పోతున్నాయా?"

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఘాటైన మందులతో కడిగితే ఆ కాపలా చెదురుతుంది, చర్మమూ మండుతుంది. నువ్వేం వాడుతున్నావమ్మా?" డాక్టరమ్మ కూతురిని అడిగింది.

"వట్టి నీళ్లేనండీ," అంది కూతురు.

"మరైతే చర్మం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే." డాక్టరమ్మ కలం తీసింది.

తల్లి లోలోపల లెక్క వేసుకుంది. చెబితే అల్లుడి నోట్లో జీవితాంతం నలగాలి. చెప్పకపోతే పిల్ల ఒంటిమీద కత్తి పడుతుంది.

"పోనీ, ఆ నీళ్లలో ఎవరైనా ఏమైనా కలుపుతున్నారా?" అంది డాక్టరమ్మ.

కూతురు మెల్లగా తలతిప్పి తల్లిని చూసింది. తల్లి గోడమీది గర్భాశయం బొమ్మను పరీక్షకు చదువుతున్నంత శ్రద్ధగా చూస్తోంది. బయట నర్సు ఒక పేరు పిలిచింది, ఆ పేరుగలవాళ్లు లేచారు, తలుపు మూసుకుంది. డాక్టరమ్మ కలం కాగితం మీద ఆనింది.

"రెండు మూతలేనండీ," అంది తల్లి. "నిన్న మాత్రం నాలుగు."